బొత్తాం గిన్నెలో అర అంగుళం లూజు

టైలరు మాస్టారికి ముప్పై ఏళ్లుగా అంకెలతోనే బతుకు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే నడుమెంతో భుజమెంతో చెప్పేయగలడు. మెళ్లో టేపు వేలాడేది ఎదుటివాళ్ల తృప్తి కోసమే. అలాంటి మనిషి ఆ రోజు పశువుల డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, వెనక్కి తిప్పి అక్కడేమైనా రాసుందేమోనని కూడా చూశాడు.

"ఇదిగోండి, ఈ అంకె ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువుంది," అంది డాక్టరమ్మ. "కిడ్నీల పని కొంచెం మందగించింది. ఇంకా మొదట్లోనే ఉంది లెండి, కంగారు పడకండి."

"చలాకీగానే ఉందమ్మా. నీళ్లు కూడా మునుపటికంటే బాగా తాగుతోంది."

"అదే లక్షణం."

"ఏదండీ?"

"నీళ్లు ఎక్కువ తాగడం."

మాస్టారి మొహం వాడిపోయింది. రెండు నెలలుగా షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ 'మా బొత్తాన్ని చూడండి, ఎంత బుద్ధిగా నీళ్లు తాగుతుందో' అని చూపించి మరీ మురిసిపోయాడాయన.

"అయితే నీళ్లు తగ్గించమంటారా?"

"అయ్యో, వద్దండీ! ఇంకా తాగించాలి. రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి."

"తాగడం జబ్బన్నారు. తాగితే మంచిదంటున్నారు."

"రెండూ నిజమే మాస్టారూ."

బుట్టలోని పిల్లి ఇద్దరి మాటలూ విని, ఏ పక్షమూ వహించకుండా, గోడవైపు తిరిగి పడుకుంది.

బొత్తాం ఆ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లు. ఎవరో పెద్దమనిషి చేతులు పొట్టి చెయ్యమని కోటు ఇచ్చి మూడు నెలలు రాలేదు. వచ్చేసరికి కోటు లోపలి జేబులో పిడికెడు పిల్లికూన నిద్రపోతోంది. ఆయన కోటు తీసుకుని కూనను బల్ల మీద వదిలి వెళ్లాడు. తెల్లటి ఛాతీ మీద గుండ్రటి నల్లమచ్చ ఉంది, చొక్కాకి ఒకే ఒక గుండీ మిగిలినట్టు. ఆ మచ్చే పేరైంది. ఆనాటి నుంచి కటింగు బల్ల మీద, కత్తెరకి ఎడమపక్క, దాని స్థానం ఖాయం. మాస్టారు గుడ్డ పరిచినప్పుడల్లా పిల్లి చుట్టూ సుద్దతో గీత తిప్పి కోసుకోవాల్సిందే గానీ దాన్ని లేపింది లేదు. ఆయనకి పిల్లల్లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. పిల్లిని మాత్రం అందరూ ఒకేసారి పిలుస్తారు.

డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. కిడ్నీల మీద బరువు పడకుండా ఉప్పూ ఫాస్ఫరస్సూ తగ్గించి చేసిన కొత్త పిల్లితిండి గింజలు, రెండు కిలోల సంచి. రోజుకు మొత్తం యాభై గ్రాములు. మొదటి వారం ముప్పాతిక వంతు పాత గింజలు, పాతిక కొత్తవి. రెండో వారం సగం సగం. మూడో వారం పాతవి పాతిక. నాలుగో వారం నుంచి అన్నీ కొత్తవే.

"ఒక్కసారే మార్చేస్తే అలుగుతుంది. పిల్లి అలిగి తిండి మానేస్తే అది మరీ ప్రమాదం. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే నాకు ఫోన్ చెయ్యండి. ఆరు వారాలకి మళ్లీ రక్తం చూద్దాం. అంకె ఇక్కడే ఆగితే మనం గెలిచినట్టు. పెరిగితే మాత్రలు, సెలైన్లు... దాన్ని చాలా హింస పెట్టాల్సి వస్తుంది."

మాస్టారి చెవిలో అన్నీ పడ్డాయి. మనసులో మాత్రం రెండే నిలిచాయి: తిండి మానేస్తే ప్రమాదం, అంకె పెరిగితే హింస.

ఆ షాపు సంగతి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. అందులో పనిచేసేది ముగ్గురే. మాస్టారు కోస్తాడు, ఆయన భార్య మిషను కుడుతుంది, అరవై దాటిన ఆయన అక్క కాజాలు తీసి గుండీలు వేస్తుంది. ముగ్గురికీ ఒకరి పని మీద ఒకరికి ప్రేమే గానీ నమ్మకం లేదు. మాస్టారు కొలత తీసుకుని, 'రేపు నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడేమో' అని అర అంగుళం లూజు కలిపి కోస్తాడు. 'ఈయనకి చెయ్యి బిగువు' అనుకుంటూ భార్య లోపల ఇంకో అర అంగుళం గుడ్డ వదిలి కుడుతుంది. 'వీళ్లిద్దరూ మనుషుల్ని ఊపిరాడనివ్వరు' అని అక్క గుండీని ఇంకాస్త అంచుకి జరిపి వేస్తుంది. అందుకే వాళ్లు కుట్టిన ప్యాంటు తొడుక్కుని జనం లావెక్కారు, చిక్కారు, మళ్లీ లావెక్కారు గానీ ప్యాంటు మాత్రం మార్చలేదు. దాన్ని ముగ్గురూ మంచితనం అనే అనుకున్నారు.

మాస్టారు డాక్టరమ్మ చీటీని గోడకున్న మేకుకి గుచ్చాడు. అక్కడ ప్రతి చీటీకీ గుడ్డ ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంటుంది, ఎవరి కొలత ఏ గుడ్డదో తెలియాలి కదా. అలవాటు కొద్దీ బొత్తాం వీపు మీద రాలిన బొచ్చు చిటికెడు తీసి ఆ చీటీకీ గుచ్చాడు.

"పిల్లి బొచ్చుతో ఎవరికండీ కుడుతున్నారు?" అంది భార్య.

"వెక్కిరింపులాపు. నేను చెప్పింది విను. లెక్క లెక్కే. ఒక్క గింజ ఎక్కువ పెట్టడానికి వీల్లేదు, తక్కువ పెట్టడానికీ వీల్లేదు. అక్కా, నీక్కూడా చెప్తున్నా."

"నాకెందుకురా చెప్తావ్! నేను దాని జోలికే పోను," అంది అక్క, ఒళ్లో ఉన్న పిల్లి చెవి వెనక గోకుతూ.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో అయోమయం మొదలైంది. పాత గింజలు చేప ఆకారంలో ఉండేవి, కొత్తవి గుండ్రంగా. బొత్తాం గిన్నె ముందు కూర్చుని, కుట్టు విప్పేవాళ్లంత ఓర్పుగా చేపల్ని ఏరుకు తిని గుండ్రటివాటిని గిన్నె చుట్టూ పేర్చి వెళ్లేది. వాటిని పారేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. గుడ్డపీలికల్ని కూడా సంచిలో దాచే ఇల్లది. అక్క వాటిని ఒక్కొక్కటే ఏరి, దులిపి, మళ్లీ సంచిలో పోసేది.

పక్కనే ఫొటో స్టూడియో ఉంది. దాని యజమానికి ప్రపంచంలో ఏ సంగతైనా ఫోన్లో చూసి చెప్పడం సరదా. ఆయన రోజుకొకటి మోసుకొచ్చేవాడు.

"మాస్టారూ, పిల్లికి మాంసకృత్తులు తగ్గించాలట."

"అలాగేనండి."

మర్నాడు: "మాస్టారూ, నిన్న చెప్పింది కాదట. పిల్లంటేనే మాంసం తినే జంతువు కదా, తగ్గిస్తే కండ కరిగిపోతుందట."

"మరి ఏం చెయ్యమంటారు?"

"తగ్గించాలి గానీ తగ్గించకూడదు. ఇందులో అలాగే ఉంది, కావాలంటే చూడండి."

మాస్టారు చూశాడు. నిజంగానే అలాగే ఉంది. ఆ రోజు ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కోశాడు.

మూడో వారం వచ్చేసరికి పిల్లి సగం గిన్నె వదిలేస్తోంది. మానేస్తే ప్రమాదమన్న మాట మాస్టారి గుండెలో సూదిలా దిగింది. కానీ ప్రతి శనివారం ఆయన పిల్లి నడుముకి టేపు చుట్టి చూసుకునేవాడు, ఆ కొలత మాత్రం తగ్గలేదు. పదిహేను అంగుళాలున్నది పదిహేనుంపావు అయింది. నాలుగో వారం పదిహేనున్నర. తినని పిల్లి లావెక్కుతోంది! మాస్టారు టేపుని అనుమానించాడు. కొత్త టేపు తెప్పించాడు. కొత్త టేపుతో పదిహేనుంముప్పావు వచ్చింది.

"కొత్త గింజల్లో బలం అలాంటిదై ఉంటుంది," అన్నాడు చివరికి. భార్య మిషను చప్పుడు పెంచింది. అక్క దారం ఎక్కించడానికి సూదిని వెలుతురుకి పెట్టింది, చాలాసేపు.

ఆరు వారాలకి ముగ్గురూ షాపు మూసి, పిల్లిని బుట్టలోనూ గింజల సంచిని చంకలోనూ పెట్టుకుని బయల్దేరారు. ఏం పెడుతున్నారో అదంతా తెమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. మాస్టారు మెడలో టేపు తీయడం మరిచిపోయాడు. చేతిలో తేదీలు వేసుకున్న డాక్టరమ్మ చీటీ, దానికి గుచ్చిన బొచ్చు.

రక్తం తీసి, లోపలికి వెళ్లి, ఆవిడ తిరిగి వచ్చేసరికి మొహం చూసే మాస్టారికి అర్థమైంది. గిరాకీవాళ్లు కొత్త బట్ట తొడుక్కుని అద్దం ముందు నోరు మెదపనప్పుడు వాళ్ల మొహం అలాగే ఉంటుంది.

"పెరిగింది మాస్టారూ. ఎక్కువ కాదు గానీ పెరిగింది."

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. అది కుర్చీ కాదు, కుక్కల్ని తూచే బల్ల. తొంభై ఒక్క కిలోలని ఎర్రటి అంకె వెలిగింది. ఎవరూ నవ్వలేదు.

"మీరు చెప్పినట్టే పెట్టానమ్మా. చీటీ చూడండి. తేదీలతో సహా."

డాక్టరమ్మ చీటీ చూసింది, బొచ్చు చూసింది. సంచి చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే కనుబొమలు పైకి లేచాయి. మాస్టారిని లేవమని, సంచిని అదే తూకం మీద పెట్టింది. కిలో నాలుగు వందలు.

"ఇది రెండు కిలోల సంచి. మీ చీటీ ప్రకారం ఈపాటికి అడుగున నాలుగైదు వందల గ్రాములుండాలి. మరి కిలో గింజలు తినకుండా బొత్తాం పావుకిలో బరువెలా పెరిగింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదమ్మా."

"ఇది కాక ఇంకేమైనా పెడుతున్నారా?"

"అబ్బే!" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో.

"ఒక్క గింజ కూడా?"

మాస్టారు టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"అంటే... పొద్దున్న పూట పైన ఒక చిటికెడు పాతవి. అది తిండి కింద లెక్క కాదమ్మా. లూజు."

"లూజా?"

"బిగుతైపోకుండా వదులుతాం కదండీ. అలాగన్నమాట."

భార్య గిరుక్కున తిరిగింది. "మీరు పెడుతున్నారా? నన్ను ఒక్క గింజ వెయ్యనివ్వలేదుగా!"

"నేను వేస్తున్నానుగా, అందుకే నిన్ను వద్దన్నా."

"ఆ మాట నాకెలా తెలుస్తుందండీ? మీరు రాక్షసుడిలా తూచి తూచి పెడుతుంటే చూడలేక సాయంత్రం పూట నేనో గుప్పెడు..."

"గుప్పెడా!"

"నా గుప్పెడెంతని!" అంటూ ఆవిడ డాక్టరమ్మకి చెయ్యి చాపి చూపించింది. రోజుకి పది గజాలు మిషను మీద తోసే చెయ్యి, చిన్నదేం కాదు.

ఇద్దరూ అక్క వైపు తిరిగారు. ఆవిడ గోడ మీదున్న కుక్క పళ్ల బొమ్మని ఎంతో శ్రద్ధగా చదువుతోంది.

"వదినా?"

"ఏమే మరదలా?"

"మీరు కూడానా?"

"వాడూ పెట్టడాయె, నువ్వూ పెట్టవాయె. మధ్యాహ్నం అది నా మొహంలోకి చూసి నోరు తెరుస్తుంది, అరవదు కూడా, ఊరికే తెరుస్తుంది. నా కళ్ల ముందు ఎండిపోనివ్వమంటారా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఒరేయ్, నేనేం దొంగని కాదురా. నా పాకెట్టు నేను కొనుక్కున్నా."

డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి కాగితాల్లోకి తల వంచింది. తలెత్తాక మాత్రం గొంతు మెత్తగా లేదు.

"చూడండి. ఇన్నాళ్లూ ఈ పిల్లి తిన్నది పాత తిండే, అదీ ఎక్కువగా. కొత్తది పని చేస్తుందో లేదో మనకింకా తెలియనే తెలియదు. బట్ట లూజైతే మనిషికి హాయి. దీనికి మీరు వదిలిన లూజంతా దాని కిడ్నీలే మోయాలి. మళ్లీ మొదటి వారం నుంచి మొదలెట్టండి. ఎవరో ఒక్కరే పెట్టండి. మీలో దాని మీద జాలి తక్కువ ఎవరికి?"

ముగ్గురికీ అవమానంగా తోచింది. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఇంటికొచ్చాక సోదా జరిగింది. అక్క గుండీల డబ్బా అడుగున ఒక పాకెట్టు, మాస్టారి సుద్దల పెట్టెలో ఒకటి. భార్య మిషను సొరుగులో మాత్రం మూడు దొరికాయి. పొద్దస్తమానం 'ఛీ, ఫో అవతలికి' అని పిల్లిని కసిరేది ఆవిడే. మాస్టారు ఆ మూడింటినీ చూసి భార్య మొహం చూశాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసినా ఈవిడ కొలత సరిగ్గా దొరకలేదే అనుకున్నాడు.

జాలి తక్కువైన మనిషి తేలకపోవడంతో చివరికి షాపులో ఉన్న తలా ఒక పని పద్ధతే పిల్లికీ పెట్టుకున్నారు. రోజుకి మూడుసార్లు, కటింగు బల్ల మీద, ముగ్గురూ ఎదురుగా ఉండగానే. మాస్టారు వంటింటి తూకం మీద తూచి పైకి చెప్పాలి, అక్క రాసుకోవాలి, భార్య గిన్నెలో పొయ్యాలి. ఒకరు కలిపితే ఇద్దరు చూస్తారు.

"పాతవి పన్నెండు! కొత్తవి నాలుగు!"

"ఎవరిదండీ అంత సన్న నడుము?" అనేవాడు ట్రయలుకొచ్చిన గిరాకీ.

పోసిన తర్వాతే అసలు పరీక్ష. బొత్తాం గిన్నెని వాసన చూసి, ముందు మాస్టారిని, తర్వాత భార్యని, చివరికి అక్కని వరసగా చూసేది. ముగ్గురూ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాళ్లు. అక్క ఏకంగా కళ్లు మూసుకునేది. పనిలో కూడా చేతులు బిగిసిపోయాయి. ఆ నెలలోనే మొట్టమొదటిసారి ఒకాయన చొక్కా బిగుతైందని వెనక్కి తెచ్చాడు. లోపల చూస్తే విప్పడానికి గుడ్డే వదల్లేదు. మాస్టారు క్షమాపణ చెప్పి కొత్తది కుట్టిచ్చాడు. తను చెడిపోయింది ఇన్నాళ్లూనా, ఇప్పుడా అన్నది ఆయనకి తేలలేదు.

నాలుగో వారం మొదటి రోజు పాతవి పూర్తిగా ఆగిపోయాయి. బొత్తాం పొద్దున్న ముట్టలేదు. మధ్యాహ్నం ముట్టలేదు. సాయంత్రం గిన్నె వైపు వీపు పెట్టి కూర్చుంది. మర్నాడు పొద్దున్న గుండ్రటి గింజలు పదహారు గ్రాములూ అలాగే ఉన్నాయి. మాస్టారు గబగబా ఫోన్ చేశాడు.

"రోజు గడిచిందమ్మా. నా వల్ల చచ్చిపోయేలా ఉంది. చిటికెడు పాతవి పెట్టనా?"

"మంచి పని చేశారు ఫోన్ చేసి. ముందు ఒకటి చెయ్యండి. ఆ గింజల మీద గోరువెచ్చటి నీళ్లు రెండు చెంచాలు చల్లండి. వాసన లేస్తుంది. గంటలో ముట్టకపోతే అప్పుడు ఏం కలపాలో నేనే చెప్తా, దాన్ని తీసుకొచ్చెయ్యండి. మీ అంతట మీరు మాత్రం కలపకండి."

భార్య నీళ్లు వెచ్చబెట్టింది. మాస్టారు చెంచా పట్టుకుంటే తొందరలో సగం గుడ్డ మీద పడింది, అదీ గిరాకీ తెచ్చిన ఉన్ని గుడ్డ. అక్క చెంచా లాక్కుని తనే చల్లింది. గింజలు మెత్తబడి, కాస్త ఉబ్బి, చేప వాసన లాంటిదేదో లేచింది. బొత్తాం చెవి ఒకటి తిరిగింది. చాలాసేపు ఆ చెవి తప్ప ఇంకేమీ కదల్లేదు. తర్వాత లేచి, ఒళ్లు విరుచుకుని, తనకి ఆ గిన్నెతో సంబంధమే లేనట్టు బల్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చి మూతి దింపింది.

"ఒకటి," అంది అక్క గుసగుసగా. "రెండు... మూడు... ఒరేయ్, గుండ్రటివే రా!"

"ఊరుకో అక్కా, బెదురుతుంది."

"ఏడు!"

భార్య మొహం గోడకి తిప్పుకుని, "ఛీ, ఫో," అంది సన్నగా, ఎవర్నో ఏమో.

అప్పట్నుంచి బొత్తాం తింటోంది. ఇష్టంగా కాదు, పన్ను కట్టినట్టు తింటోంది. అయినా తింటోంది. మళ్లీ రక్తం చూపించే రోజు మాస్టారు ఒక్కడే వెళ్లాడు. మిగతా ఇద్దరూ భయపడి ఇంటి దగ్గరే ఆగిపోయారు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"తగ్గిందా అండీ?"

"తగ్గలేదు."

"అయ్యో! పెరిగిందా?"

"పెరగలేదు. పోయినసారి ఎంతో అంతే."

"మరి ఆవిడేమంది?"

"చాలా సంతోషం అంది. చెయ్యి కలిపింది కూడా." మాస్టారు బుట్ట దించి, ఇంకా నమ్మకం కుదరనట్టు కుడిచేతిని చూసుకున్నాడు. "ఏమీ జరగకపోవడమే గొప్పట. అంకె అక్కడే నిలబడితే మనం గెలిచినట్టట. నేను రెండుసార్లు అడిగా. రెండుసార్లూ అదే చెప్పింది."

"అయితే నయమైపోయినట్టేనా?"

"నయం కాదట."

"కాదా!"

"బాగుంటుందట గానీ నయం కాదట."

ముగ్గురూ ఆ మాటని తలా ఒక వైపు నుంచి తిప్పి చూశారు. ఎటు తిప్పినా అలాగే ఉంది. భార్య ఇంక ఆలోచించడం మానేసి తూకం తెచ్చి బల్ల మీద పెట్టింది, మధ్యాహ్నం గిన్నె వేళ దాటిపోతోంది. బొత్తాం బుట్టలోంచి దిగి, కత్తెర పక్క చోటు చూసుకుంది.

"పదహారు!" అన్నాడు మాస్టారు.

"పదహారు," రాసుకుంటూ అంది అక్క. కలం ఆపింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈ రాతకోతలు ఇంకెన్నాళ్లురా?"

"ఉన్నన్నాళ్లూనట అక్కా."

"ఎవరున్నన్నాళ్లు? అదా, నేనా?"

భార్య గింజల మీద వెచ్చటి నీళ్లు చల్లింది. బొత్తాం మూతి దించింది. అక్క జవాబు కోసం ఆగకుండా, చప్పుడు లేకుండా పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం మొదలెట్టింది.